స్కీ రాని వాళ్లతో స్కీ ఊరికి: వెంగెన్ డైరీ

వెంగెన్‌కి కారులో వెళ్లలేం. కారుంటే లోయలో లౌటర్‌బ్రునెన్ దగ్గర పెట్టేసి, పట్టాల మధ్య పళ్లున్న మూడో పట్టీని పట్టుకుని కొండెక్కే ర్యాక్ రైల్లో పైకి రావాలి. స్విట్జర్లాండ్‌లో, ఐగర్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల కింద 1,274 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరది. మేం దాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా ఆ రైలే.

మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. వైజాగ్ నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. మా ఆయన బ్లాక్ ఫారెస్ట్‌లో ఫెల్డ్‌బెర్గ్ కొండ మీద కాస్త స్కీ నేర్చుకున్నాడు. నాకు అస్సలు రాదు. పాపకి ఐదేళ్లు. స్నేహితుల్ని అడిగితే ఫ్రాన్స్‌లోని పెద్ద పెద్ద రిసార్ట్‌ల పేర్లు చెప్పారు, ఇన్ని వందల కిలోమీటర్ల పిస్ట్‌లు (స్కీ చేయడానికి సిద్ధం చేసిన దారులు), అన్ని లిఫ్ట్‌లు అని. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి వారమంతా తిరిగేది ఒకటే చిన్న వాలు మీద. మిగతా కిలోమీటర్లకి డబ్బు కట్టి ఏం చేసుకోవాలి?

నన్నడిగితే, ఇలాంటి కుటుంబం ఊరిని స్కీ చేయని వాళ్లని బట్టే ఎంచుకోవాలి. స్కీ వచ్చినవాళ్లకి ఆల్ప్స్‌లో ఎక్కడైనా కొండ దొరుకుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మిగిలినవాళ్లు ఏం చేస్తారన్నదే అసలు సమస్య. చాలా రిసార్ట్‌లలో పైకి వెళ్లేవి ఎక్కువగా చెయిర్‌లిఫ్ట్‌లు, కాళ్లకి స్కీలు లేకపోతే వాటితో పెద్దగా ఉపయోగం లేదు. వెంగెన్ నుంచైతే 2,061 మీటర్ల ఎత్తున్న క్లైనె షైడెగ్ దాకా రైలు, 2,200 మీటర్లు దాటిన మెన్లిఖెన్ దాకా కేబుల్ కారు ఉన్నాయి. మామూలు బూట్లు, చేతిలో ఫ్లాస్కు ఉంటే చాలు.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. జనవరి మధ్యలో వెంగెన్‌లో లౌబర్‌హోర్న్ స్కీ రేసులు జరుగుతాయి. ఆ వారం ఊళ్లో కాలు పెట్టే చోటుండదు. ఫిబ్రవరిలో స్విస్, జర్మన్, డచ్, ఇంగ్లిష్ బడి సెలవులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అద్దెలు కొండెక్కి కూర్చుంటాయి. పాప ఇంకా కిండర్‌గార్టెన్‌లోనే ఉంది కాబట్టి మాకు బడి సెలవులతో పని లేదు. మార్చి రెండో వారం ఖాయం చేశాం. పగళ్లు పొడుగు, ఎండ బాగుంటుంది, చలి మరీ కొరకదు. మైనస్ ఏంటంటే ఊరి ఎత్తు తక్కువ కాబట్టి మధ్యాహ్నానికి కింది వాలుల మీద మంచు నీరుకారిపోతుంది. క్లాసులన్నీ పొద్దున్నే పెట్టుకుంటే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది.

బుకింగ్‌లలో అందరికన్నా ముందు స్కీ స్కూల్. పిల్లల క్లాసులు ముందు నిండిపోతాయి. ఆ తర్వాత వంటగది ఉన్న ఫ్లాట్. సీజన్‌లో ఫ్లాట్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు.

బీమా గురించి గట్టిగా చెప్పాలి. అమ్మానాన్నల షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌లో కూడా చెల్లుతుంది, ఆ వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా కూడా ఉంది. కానీ అలాంటి చాలా పాలసీల్లో మంచు ఆటలకి కవరేజీ ఉండదు. జర్మనీలో ఉద్యోగం చేసే మనవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇక్కడి ఆరోగ్య బీమా కార్డు మిగతా ఈయూ దేశాల్లో పనిచేసినట్టు స్విట్జర్లాండ్‌లో మామూలుగా పనిచేయదు. పైగా పిస్ట్ మీద దెబ్బ తగిలితే కిందికి దించిన ఖర్చు దెబ్బ తగిలినవాళ్లదే, హెలికాప్టర్ వస్తే ఇక చెప్పక్కర్లేదు. అందుకని వింటర్ స్పోర్ట్స్, రెస్క్యూ అని విడిగా రాసి ఉన్న ప్రయాణ బీమా తీసుకున్నాం. రేగా అనే ఎయిర్ రెస్క్యూ సంస్థ నంబరు 1414 అందరి ఫోన్లలో సేవ్ చేశాం. ఫోన్ అంటే గుర్తొచ్చింది, ఈయూ రోమింగ్ స్విట్జర్లాండ్‌కి వర్తిస్తుందో లేదో మీ ప్లాన్‌లో చూసుకోండి. అక్కడి కరెంటు సాకెట్లలో గుండ్రంగా లావుగా ఉండే జర్మన్ ప్లగ్గు దూరదు. రైస్ కుక్కర్ పట్టుకెళ్లేవాళ్లకి ఇది చాలా ముఖ్యమైన సమాచారం.

శనివారం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బాసెల్, బెర్న్ మీదుగా నేరుగా ఇంటర్‌లాకెన్ ఓస్ట్ వెళ్లే ఐసీఈ (జర్మన్ హైస్పీడ్ రైలు) దొరికింది, సుమారు ఐదు గంటల ప్రయాణం. థున్ సరస్సు పక్కన రైలు వెళ్తుంటే అమ్మ పులిహోర డబ్బా తీసింది.

ఇంటర్‌లాకెన్‌లో లోకల్ రైలు ఎక్కేటప్పుడు ఏ పెట్టెలో ఎక్కుతున్నామో చూసుకోవాలి. ట్స్వైల్యూచినెన్ స్టేషన్లో రైలు రెండుగా విడిపోతుంది. సగం లౌటర్‌బ్రునెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. పెట్టెల మీద రాసే ఉంటుంది, కానీ సూట్‌కేసులతో పరిగెత్తేటప్పుడు ఎవరు చదువుతారు? నాన్న చదివారు. ఆయన వాల్తేరు డివిజన్‌లో లోకో పైలట్‌గా రిటైరయ్యారు. కొత్తవలస–కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం నింపిన గూడ్సు బండ్లని అనంతగిరి ఘాట్ మీదుగా కిందికి దించిన మనిషి. రైలు కనిపిస్తే ముందు బోర్డు చదువుతారు, తర్వాత చక్రాలు చూస్తారు.

లౌటర్‌బ్రునెన్‌లో ర్యాక్ రైలు సిద్ధంగా ఉంది. నాన్న ఎక్కకుండా ప్లాట్‌ఫాం చివరికి వెళ్లి పట్టాల మధ్య ఉన్న నిచ్చెన లాంటి ఇనుప పట్టీని వంగి చూశారు. ఈ వెంగెర్నాల్ప్ రైల్వే 1893లో మొదలైంది. లౌటర్‌బ్రునెన్ నుంచి క్లైనె షైడెగ్ మీదుగా గ్రిండెల్‌వాల్డ్ దాకా 19 కిలోమీటర్లు. ఎక్కడా తెగకుండా సాగే ర్యాక్ లైన్లలో ప్రపంచంలో ఇదే పొడవైనది. బాగా నిటారుగా ఉన్నచోట నాలుగు మీటర్లకి ఒక మీటరు ఎక్కుతుంది. మన దేశంలో ర్యాక్ రైలు నీలగిరిలో ఒక్కటే, అక్కడ పన్నెండుకి ఒకటి. ఆ నీలగిరి పాత ఆవిరి ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లో వింటర్‌థూర్‌లో తయారైనవే. ఇవన్నీ నాన్న నాకు చెప్పినవి, నేను ఆయనకి చెప్పినవి కావు.

"ఇంత వాలులో బ్రేకు మీద ఎలా దించుతున్నారమ్మా వీళ్లు?" అని ఆయన దారంతా అదే గొడవ. పావుగంట లోపే పైకి చేరాం. ఊళ్లో సామాను మోయడానికి చిన్న ఎలక్ట్రిక్ బళ్లు తిరుగుతాయి, ముందే చెప్పి పెట్టుకుంటే స్టేషన్‌కే వస్తాయి.

ఆదివారం

స్కీ సామాను అద్దెకి తీసుకోవడమే ఒక పూట పని. తొందరపడకూడదు. షాపువాళ్లు ఎత్తు, బరువు, వయసు, స్కీ ఎంత వచ్చు అన్నీ అడుగుతారు. సిగ్గుపడి బరువు తగ్గించి చెప్పకండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరావాలి కదా, అది ఎంత బిగువుగా ఉండాలో ఆ అంకెలతోనే లెక్కగడతారు. తక్కువ చెబితే ఊరికే ఊడిపోతుంది, ఎక్కువ చెబితే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు పోతుంది. కొత్తవాళ్లకి స్కీ పొడవు గడ్డం దాకా ఉంటే చాలు.

అసలు కష్టం బూట్లతో. నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచగానే వేళ్లు వెనక్కి జరిగి మడమ గట్టిగా కూర్చోవాలి. ఒక్క సన్నటి మేజోడే వేసుకోవాలి. చలని రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. నాకు మొదట ఇచ్చిన జత పిక్కలు నొక్కేస్తోంది. షాపులో అబ్బాయి రెండు రోజుల్లో అలవాటైపోతుందన్నాడు. నేను కదలకుండా అక్కడే కూర్చున్నాను. వేరే మోడల్ తెచ్చి ఇచ్చాడు, హాయిగా ఉంది. అద్దె సామానులో మార్చమని అడగడానికి మొహమాటపడితే వారమంతా ఏడుపే.

బట్టల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, లోపల నూలు వద్దు. చెమట పట్టిన కాటన్ బనియను మంచులో ఒంటికి పట్టీ వేసినట్టు చల్లగా అంటుకుంటుంది.

అమ్మ ఈలోపు వంటగదిని స్వాధీనం చేసుకుంది. ఈ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవడం మంచిదైంది. గోంగూర పచ్చడి సరేసరి.

సోమవారం

పిల్లలు నేర్చుకునే వాలు ఊరి నడిబొడ్డునే ఉంది. మంచు మీద కదిలే బెల్టు, దాని మీద నిలబడితే చాలు పైకి తీసుకెళ్తుంది. చుట్టూ ఇళ్లు, హోటళ్లు. వెంగెన్ ఎంచుకున్నందుకు నాకు కలిగిన మొదటి సంతోషం ఇదే. క్లాసు జరుగుతుంటే అమ్మ బెంచీ మీద ఎండలో కూర్చుని చూడొచ్చు, పాపకి ఏడుపొస్తే అమ్మమ్మ కనిపిస్తుంది. ఏడుపేమీ రాలేదు. మధ్యాహ్నానికి "పిజ్జా, పొమ్మెస్" అని అరుస్తూ వచ్చింది. ఇక్కడ పిల్లలకి అలాగే నేర్పుతారు, స్కీల కొనలు దగ్గరికి తెచ్చి త్రికోణంలా పెడితే ఆగడం, పక్కపక్కన నిటారుగా పెడితే సాగడం.

పెద్దల గ్రూపులో నేను. మొదటి గంటంతా పడటం, లేవడం, పక్కకి అడుగులేస్తూ వాలు ఎక్కడం. మా టీచరు ఊరిదే, నడివయసు మనిషి, ఒకటే మాట చెప్పేది. చూపు కాళ్ల మీద వద్దు, వెళ్లాల్సిన చోటు మీద ఉంచు. చెప్పినంత సులువు కాదు. కాళ్ల కింద నేల జారిపోతుంటే చూపు కాళ్ల మీదికే పోతుంది మరి.

డబ్బు విషయంలో ఒక సలహా. కొత్తవాళ్లు వచ్చిన రోజే మొత్తం ప్రాంతానికి స్కీ పాస్ కొననక్కర్లేదు. పెద్దలకి రోజు పాసే 70 ఫ్రాంక్‌లు దాటుతుంది. మొదటి రోజులకి ప్రాక్టీస్ వాలు టికెట్ చాలు, లిఫ్ట్ ఎక్కే ధైర్యం వచ్చాక పాస్ తీసుకోవచ్చు. నేనలాగే చేశాను. మా ఆయన మాత్రం మొదటి రోజు నుంచే పాస్ తీసుకుని, చీకటి పడేవేళకి ఎర్రగా కందిన మొహంతో వచ్చాడు. సన్‌స్క్రీన్ రాసుకోమంటే వినడు.

మంగళవారం

మాకు క్లాసులు, అమ్మానాన్నలకి మెన్లిఖెన్. ఊళ్లోంచి కేబుల్ కారు ఐదారు నిమిషాల్లో పైన దింపేస్తుంది. అక్కడి నుంచి క్లైనె షైడెగ్ దాకా నడిచేవాళ్ల కోసం మంచుని యంత్రంతో చదును చేసిన దారి ఉంటుంది. ఎక్కువ భాగం మెల్లగా దిగుడే, నాలుగైదు కిలోమీటర్లు. బూట్ల కింద తగిలించుకునే రబ్బరు ముళ్లు ఇద్దరికీ కొనిచ్చాం. స్విస్ హాఫ్ ఫేర్ కార్డు ఉండటంతో ఈ రైళ్లు, కేబుల్ కార్లు వాళ్లకి సగం ధరకే పడ్డాయి. స్కీ చేయని పెద్దవాళ్లు వారమంతా అటూ ఇటూ తిరిగేట్టయితే ఆ కార్డు ఖర్చు తొందరగానే తిరిగొస్తుంది.

ఆ దారిలో నడుస్తున్నంతసేపూ ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ మూడూ వరసగా కనిపిస్తాయి. ఐగర్ ఉత్తర ముఖాన్ని మొదటిసారి ఎక్కింది 1938లో. అంతకుముందు ప్రయత్నించినవాళ్లలో చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్లైనె షైడెగ్ హోటల్ దగ్గర నుంచి టెలిస్కోపుల్లో జనం ఆ గోడ మీద పాకేవాళ్లని చూసేవారట. అమ్మకి ఈ కథ నచ్చలేదు. "ఎవరి ప్రాణం మీదికో వస్తుంటే దుర్భిణీ పెట్టుకు చూడ్డం ఏం సరదా?" అంది.

మధ్యాహ్నం మేం రైల్లో పైకి వెళ్లి వాళ్లని కలిశాం. అక్కడ తిండి గురించి శాకాహారులకి ఒక మాట. బంగాళాదుంప తురుముతో చేసే రోష్టి సేఫ్, కాకపోతే బేకన్ వేయొద్దని చెప్పాలి. కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే ఫాండ్యూలో వైన్, కిర్ష్ అనే చెర్రీ మద్యం పోస్తారు. అమ్మ దాని జోలికి పోలేదు. నాన్న రుచి చూస్తానన్నారు, చూశారు, రెండోసారి ముక్క ముంచలేదు.

బుధవారం

రాత్రి నుంచీ ఫ్యోన్ గాలి. ఆల్ప్స్ దక్షిణం వైపు నుంచి శిఖరాలు దాటి కిందికి దూకే పొడి వెచ్చని గాలిని ఇక్కడ అలా పిలుస్తారు. మెన్లిఖెన్ కేబుల్ కారు ఆపేశారు, పై లిఫ్ట్‌లు సగం మూత. రైలు మాత్రం నడుస్తోంది. "చూశావా, తీగ మీద వేలాడేదానికీ నేల మీద నడిచేదానికీ తేడా" అని నాన్నకి పట్టరాని ఆనందం.

లౌటర్‌బ్రునెన్ దిగాం. స్టౌబ్‌బాఖ్ జలపాతం ఊరి మీదే పడుతున్నట్టుంటుంది, దాదాపు 300 మీటర్ల నిలువు. చలికాలంలో ధార సన్నం, ఆ గాలికి సగంలోనే చెదిరి ఎటో పోతోంది. 1779లో జర్మన్ కవి గెథే దీన్ని చూసి కవిత రాశాడు. కొండ లోపల దూకే ట్రూమెల్‌బాఖ్ జలపాతాలు చూద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, అవి చలికాలం మూసి ఉంటాయి.

మిగతా రోజంతా పేకాట.

గురువారం

గాలి ఆగాక రాత్రంతా మంచు పడింది. తెల్లారకముందే కొండ మీద ఢాం ఢాం అని శబ్దాలు. అమ్మ లేచి కూర్చుంది. హిమపాతాలు, అంటే వాలు మీది మంచు గుట్టలు, వాటంతటవే ఎప్పుడు జారిపడతాయో అని చూడకుండా, పిస్ట్‌లు తెరవకముందే పేలుళ్లతో వాటిని దించేస్తారు. హిమపాతం ప్రమాదాన్ని స్విస్ సంస్థ ఎస్ఎల్ఎఫ్ ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో రోజూ ప్రకటిస్తుంది. తెరిచి ఉన్న పిస్ట్‌ల మీదే ఉండే మాలాంటివాళ్లకి అది చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. గుర్తులు దాటి కొత్త మంచులోకి పోయేవాళ్లు మాత్రం ఆ అంకె చూడకుండా కదలకూడదు.

ఆకాశం కడిగినట్టుంది. నాన్నని కొండ మీదున్న రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోక్‌కి తీసుకెళ్లడానికి ఇదే రోజు అనుకున్నాం. టికెట్ ధర విని ఆయన వద్దన్నారు. "కింద నుంచి కనపడతానే ఉంది కదమ్మా కొండ, పైకెళ్లి కొత్తగా చూసేదేముంది?" కొండ కోసం కాదు నాన్నా, సొరంగం కోసం అన్నాను. బూట్లు వేసుకున్నారు. బీపీ ఉంది కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే డాక్టర్‌ని అడిగి ఉంచాం. 3,454 మీటర్ల ఎత్తది, గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండొంతులే. పైన మెల్లగా నడవాలి, మెట్లు తొందరగా ఎక్కకూడదు. అమ్మ రానని చెప్పి పాపతో కింద ఉండిపోయింది.

క్లైనె షైడెగ్‌లో యుంగ్‌ఫ్రౌ రైలు ఎక్కబోతూ నాన్న ఆగిపోయారు. పైన కరెంటు తీగ ఒకటి కాదు, రెండు. మూడో ఫేజు పట్టాల్లోంచి. ఈ లైను త్రీ ఫేజ్ కరెంటుతో నడుస్తుంది. ప్రపంచంలో ఇప్పుడు ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటుని తిరిగి తీగల్లోకి పంపిస్తాయి. శనివారం నుంచీ దించడం ఎలా అని అడుగుతున్న మనిషికి ఇక్కడ సమాధానం దొరికింది. ఆ తర్వాత మంచు శిఖరాల వైపు చూడ్డానికి కూడా ఆయనకి తీరిక లేదు.

దాదాపు ఏడు కిలోమీటర్లు ఐగర్, మోంఖ్ కొండల కడుపులోంచే వెళ్తుంది రైలు. జూరిక్ వ్యాపారి అడోల్ఫ్ గుయర్-జెల్లర్ ఆలోచన ఇది. 1896లో తవ్వడం మొదలుపెట్టారు, 1912లో పైదాకా చేరింది. ఆయన మాత్రం 1899లోనే చనిపోయాడు. మధ్యలో ఐస్‌మేర్ స్టేషన్లో కాసేపు ఆపుతారు. రాతిగోడకి పెట్టిన అద్దాల్లోంచి చూస్తే కింద పగుళ్లు విచ్చిన హిమానీనదం. చివర్లో బయటికొస్తే అలెచ్ హిమానీనదం, 20 కిలోమీటర్లకి పైగా పొడవు, ఆల్ప్స్‌లో అన్నింటికన్నా పెద్దది. పైన ఇండియన్ భోజనం పెట్టే బాలీవుడ్ రెస్టారెంట్ ఉంది. మేం అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తిన్నాం.

శుక్రవారం

ఇప్పుడు నా వంతు. టీచరు మమ్మల్ని మెన్లిఖెన్ పైకి తీసుకెళ్లింది. స్విట్జర్లాండ్‌లో పిస్ట్‌లకి నీలం, ఎరుపు, నలుపు అని మూడు రంగులు, నీలం తేలిక. మెన్లిఖెన్ మీద నీలం వాలులు వెడల్పుగా ఉంటాయి, తిరగడానికి చోటు దొరుకుతుంది. బయటి కాలి మీద బరువు వేస్తే స్కీ తనంతట తనే తిరుగుతుందని సోమవారం నుంచీ చెబుతున్న మాట అక్కడ ఒంటికి ఎక్కింది. ఇంకో రూలు కూడా. ముందున్నవాళ్లదే దారి, వెనక నుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. మన రోడ్ల మీద హారన్ కొట్టినవాడిదే దారి కదా, దానికి పూర్తిగా రివర్స్. ఈ రూలు ఉంది కాబట్టే వెనక ఏం వస్తోందోనని చూసుకోకుండా దిగగలిగాను.

సాయంత్రం మా ఆయన లౌబర్‌హోర్న్ రేసు దారి చూపిస్తానని అందరినీ రైలెక్కించాడు. 1930 నుంచి జరుగుతున్న పోటీ ఇది. డౌన్‌హిల్ ట్రాక్ 4 కిలోమీటర్ల 480 మీటర్లు, వరల్డ్ కప్‌లో ఇదే పొడవైనది. ఇటలీకి చెందిన క్రిస్టియన్ గెదీనా 1997లో దాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో దిగాడు. 2013లో ఫ్రాన్స్ స్కీయర్ యోహాన్ క్లారే ఇక్కడే గంటకి 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఒకచోట రేసు దారి రైలు పట్టాల కింద నుంచి దూరి వెళ్తుంది. నాన్న ఆ చిన్న వంతెన చూసి, "గూడ్సు బండికి ఎప్పుడూ ఇయ్యని స్పీడు వీళ్లు ఒంటి కాళ్ల మీద పోతన్నారా!" అన్నారు. ఈ ఊళ్లో స్కీకీ రైలుకీ చుట్టరికం పాతదే. 1925లో ఇంగ్లిష్‌వాళ్లు ఇక్కడ పెట్టుకున్న క్లబ్బు పేరే డౌన్‌హిల్ ఓన్లీ. అంటే ఎక్కడం రైలు పని, దిగడమే మా పని అని.

శనివారం

పదింటికల్లా ఫ్లాట్ ఖాళీ చేయాలి. ఊరంతా అదే సమయానికి ఖాళీ చేస్తుంది కాబట్టి స్కీ సామాను ముందు రోజు సాయంత్రమే తిరిగిచ్చేశాం. రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, ఒక రైలు వదిలేసేంత టైము చేతిలో ఉంచుకోవాలి.

స్కీ పాస్ కార్డులకి తీసుకున్న ఐదేసి ఫ్రాంక్‌ల డిపాజిట్ స్టేషన్లో తిరిగిచ్చారు. మా ఆయన కార్డుదీ నా కార్డుదీ కలిపి పది. అమ్మ వాటిని మా చేతిలోంచి తీసుకుని, రూపాయల్లో ఎంతని అడిగి, దాదాపు వెయ్యి అని విని, "మంచు మీద జారినందుకు ఇన్ని వేలు తీసుకుని వెయ్యి తిరిగిచ్చారు, పర్లేదు మర్యాదస్తులే" అంటూ రైలు వచ్చేలోపు ఎదురుగా ఉన్న కోప్ షాపులోకి పాపని తీసుకుని చాక్లెట్లకి వెళ్లిపోయింది.